నాలుగంకెల పెట్టె

మౌతార్గాన్ తడిగా ఉంది.

రత్నాకర్ వేలితో తుడిచి చూశాడు. అనుమానం లేదు, తడే. నిన్న రాత్రి గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాక తను దాన్ని ముట్టుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లవంగం వాసన!

"ఎవడో నా మౌతార్గాన్ ఊదిండు," అన్నాడు పళ్లు బిగించి.

క్యాంపస్ సంగీత క్లబ్ గదిలో మైకు వైరు విప్పుతున్న బాబీ తలెత్తాడు. అతని బుగ్గలో లవంగం ఉంది. పాడేవాడు కదా, గొంతు కోసం ఎప్పుడూ నములుతూనే ఉంటాడు.

"అలా చూస్తావేంట్రా? ఊళ్ళో లవంగం నమిలేది నేనొక్కణ్ణేనా?"

"సంచి ఇంటికాంచి తెచ్చింది నువ్వే గదా."

"మోసినవాడే దొంగయితే సికింద్రాబాద్ స్టేషన్లో కూలీలందర్నీ జైల్లో పెట్టాలి."

రత్నాకర్ నవ్వలేదు. తన దగ్గరున్న నాలుగు మౌతార్గాన్లలో శనివారం పాటకు సరిపోయే శ్రుతి దీనికొక్కదానికే ఉంది. ఎవరో అడ్డదిడ్డంగా ఊదడంతో నాలుగో రంధ్రం అప్పుడే బొంగురుపోయింది. ఇంకొకటి పోయిందా, ఆ రోజు యూనివర్సిటీ సంగీత జట్టు సెలక్షన్లో తను ఊదేది ఉత్త గాలే. ఇదే ఆఖరి ఏడాది.

"తాళమున్న పెట్టె చేయిస్త. నడు తార్నాకకు."

చర్చిల కీబోర్డులకూ, తబలాలకూ కొలిచి పెట్టెలు చేసే దానియేలు వాళ్ల ముందు రెండు నమూనాలు పెట్టాడు. ఒకటి మెత్తటి సంచి. రెండోది ప్లైవుడ్ పెట్టె.

"సంచి అల్కగ ఉంటది తమ్మీ. చంకకు తగిలించుకొని పోవచ్చు. పెట్టె బరువు."

"బరువుండనీ అన్నా. నాలుగు మౌతార్గాన్లు, రెండు మైకులు. దేని గుంత దానికే ఉండాలె."

దానియేలు ఒక్కొక్కదాన్నే స్పాంజి మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీశాడు.

"పైన రంగు ఏంది? నలుపా, మెరూనా?"

"ఏదన్న గానీ. తాళం సంగతి చెప్పు."

"చాబీది ఉన్నది, నంబర్లది ఉన్నది."

"చాబీ ఎవడన్న కొట్టేస్తడు. నంబర్లదే పెట్టు."

గురువారానికి పెట్టె తయారైంది. "నాలుగు అంకెలు. పుట్టినరోజు మాత్రం పెట్టకు. అందరు గదే పెడతరు," హెచ్చరించాడు దానియేలు.

"నాది ఏ కాగితం మీద లేని నంబరు," అంటూ రత్నాకర్ తాళం చక్రాలు తిప్పాడు. బాబీ తన భుజం వెనకే నిలబడ్డాడని ఆ తర్వాత గాని గుర్తు రాలేదు.

అడిక్‌మెట్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో స్నేహితులిద్దరూ, లోపల రత్నాకర్ తల్లి రాహేలు. కొత్త పెట్టెను చూసి ఆమె చెయ్యి బుగ్గన పెట్టుకుంది.

"పిల్లికూతలకు గింత పెద్ద పెట్టెనా? నా కమ్మలకే దిక్కులేదు!"

శుక్రవారం సాయంత్రం క్లబ్ గదిలో రత్నాకర్ అంకెలు తిప్పి మూత ఎత్తాడు.

మౌతార్గాన్ తడిగా ఉంది. లవంగం వాసన కూడా.

రత్నాకర్ ఒక్క ఉదుటున బాబీ కాలర్ పట్టుకున్నాడు. "నేను నంబరు పెట్టంగ నా ఎనక ఉన్నది నువ్వే. నేను ల్యాబ్‌కు పోయినంక పెట్టె ఉన్న గదిల పండుకున్నది నువ్వే!"

"ఉన్నాను. పడుకున్నాను. నీ నంబరు మాత్రం చూళ్లేదు." బాబీ ఆ చేతిని విదిలించుకున్నాడు. "నేనేనని నిరూపించు, రేపు స్టేజీ ఎక్కను. నిరూపించలేకపోయావో, నా పక్కన నువ్వెక్కవు."

"మంచిది. రేపు నా పక్కనుంచి కదలకు."

శనివారం మధ్యాహ్నం రత్నాకర్ పెట్టెలోని వైరు లేని మైకును ఆన్ చేసి, దాని గుంతలోనే ఉంచి తాళం వేశాడు. "క్యాంపస్ పోతున్నం అమ్మా, పెట్టె తర్వాత వచ్చి తీస్కపోత," అని కేకేశాడు. ఇద్దరూ బయటికొచ్చి మేడమెట్ల మీద కూర్చున్నారు. మైకు శబ్దాన్ని అందుకునే చిన్న యంత్రం రత్నాకర్ ఒళ్లో ఉంది. దానికి తగిలించిన ఇయర్‌ఫోన్ చెవికొకటి పంచుకున్నారు.

పది నిమిషాలు. ఇరవై. సెలక్షన్‌కు ఇంకా రెండు గంటలే ఉంది.

టిక్. టిక్. టిక్.

చక్రాలు తిరుగుతున్నాయి. ఆగాయి. టప్పున మూత లేచింది.

మౌతార్గాన్ పలికింది. శనివారం పాటే! తప్పుల తడకగా, నాలుగో రంధ్రం దగ్గర తడబడి, వెనక్కెళ్లి, పట్టు వదలకుండా మళ్లీ మొదలవుతోంది.

బాబీ మోచేత్తో పొడిచాడు. "నేనిక్కడున్నాను కదరా. మరి లోపల ఊదేది నా దయ్యమా?"

రత్నాకర్ రెండంగల్లో గుమ్మం చేరి తలుపు తోశాడు.

తెరిచిన పెట్టె ముందు చాప మీద రాహేలు. పంటినొప్పికి ఆమె నమిలే లవంగాల డబ్బా పక్కనే ఉంది. రోజూ బాబీకి నాలుగు తీసిచ్చేది కూడా అందులోంచే. మౌతార్గాన్ ఇంకా పెదవుల మీదే ఉంది.

బాబీ కాలర్ సర్దుకున్నాడు. రత్నాకర్ తాళం చక్రాలకేసి చూశాడు.

"అమ్మా... నంబరు ఎట్ల తెల్సింది నీకు?"

రాహేలు మౌతార్గాన్‌ను కొంగుతో తుడిచి కొడుకు చేతిలో పెట్టింది.

"నేనే ఊదిన బిడ్డా, నిన్న బాబీ నిద్రపోంగ లోపలికి తెచ్చుకొని ఊదిన, మొన్నటి సంచిలది కూడ నేనే ఊదిన, అడిగితే నవ్వుతవని అడగలే. ఇగ నంబరంటవా, బడిల సారు నీ పుట్టినరోజని రాసిన జూన్ ఒకటి నిన్న తిప్పితే తెరుసుకోలే, ఆగస్టు పంతొమ్మిది తిప్పిన. నిన్ను కన్నదాన్ని, నాకెరుక గాదా?"