ఓడినప్పుడే

"నాన్నా, గేమ్‌లో ఫైలు మార్చావా?" కూతురు పరుగున వచ్చి అడిగింది.

"మార్చానమ్మా. నీ ఫైటరు రోజూ చిత్తుగా ఓడిపోతుంటే, నువ్వు పెట్టిన ఫైలే పాడైందనుకున్నా. కంపెనీ ఫైలు తెచ్చి అదే పేరుతో పెట్టేశా. ఇక గెలుస్తావులే."

"గెలుపెవరిక్కావాలి? అందులో ఉన్నది అమ్మ గొంతు! నేను పోటీలో ఓడి ఏడుస్తుంటే ఆసుపత్రి నుంచి పంపింది. నా పాత ఫోను పాడైపోయాక ఇంకెక్కడా లేదు. ఆటలో ఓడినప్పుడే వినిపిస్తుంది."

ఆ ఆట గోల భరించలేక ఇన్నాళ్లూ తలుపేసుకున్నది ఆయనే.

"తుడిచేశావా?"

"గుర్తు లేదే తల్లీ!"

కంపెనీ ఫైలు తెచ్చిన పెన్‌డ్రైవ్ తెరిచాడు. అందులో ఉంది, కూతురి ఫైలు. ఏదీ ఊరికే పారేయనిచ్చేది కాదు ఆ ఇల్లాలు. ఆమె నుంచి ఆయనకంటిన ఆ అలవాటే పాత ఫైలును కాపాడింది.

కూతురు దాన్ని మళ్లీ గేమ్‌లోకి ఎక్కించింది. రిమోట్ ఆయనే అందుకున్నాడు. ఏ బటన్ నొక్కాలో తెలియదు. ఒక్క తన్నుకే ఆయన ఫైటరు కూలబడ్డాడు. ఆటలోంచి ఆ గొంతు వినిపించింది:

"ఓడితే ఏమైందే? లేచి ముందు ఏదైనా తిను."

కూతురు రిమోట్ కోసం చేయి చాపింది.

"లే నాన్నా, నేనాడతా."

"ఉండమ్మా," అన్నాడాయన రిమోట్ వదలకుండా. "ఇంకొక్కసారి ఓడనీ."