అడిగి తెచ్చిన కుర్చీ

“ఇక మీరు నిర్వాసితులు కాదమ్మా. కుదురుకున్నారు. మా ఫౌండేషన్ సాయం ఏమీ లేనివాళ్లకే,” అన్నాడు ధనరాజ్, కుర్చీలో వెనక్కి వాలి.

జగ్గమ్మకి ఒళ్లు మండిపోయింది. “ఏటి సూసి అంటన్నావు బాబూ? రిజర్వాయరు మా ఊరిని మింగీసింది. సర్కారోళ్లు సాయం ఆపీసినారు. ఇంకేటి కుదురు?”

“ఈ కుర్చీ చూసే.”

“అయ్యో, నువ్వొస్తన్నావని ఎదురింటి యమునని అడిగి తెచ్చినాను!”

“అయితే వాళ్లూ కుదురుకున్నట్టే,” అంటూ లేచి బయటికి నడిచాడు.

జగ్గమ్మ నాలిక కరుచుకుంది.

అంతలో పెరటి తోవన పక్కింటి పైడమ్మ పరుగున వచ్చింది. “పిన్నీ, ఆ కుర్చీ ఇలాగియ్యి. బాబు మా ఇంటికే వస్తన్నాడు.”

జగ్గమ్మ కుర్చీని తలుపు వెనక్కి తోసేసింది. “ఒద్దే. నేల మీదే కూకోబెట్టు. సాప కూడా ఎయ్యకు.”