అసలు క్యాసెట్

"గీ కొత్త ప్లేయర్ల ఏస్తే మామూలు డీవీడీ గూడ హెచ్‌డీ లెక్క కనవడ్తదా, భాయ్?" ప్రేమలత మూడోసారి అడిగింది.

జగిత్యాలలో మొన్నటి తెలంగాణ ర్యాలీని వీడియో తీసింది స్టూడియో లతీఫుద్దీనే. ఆ డీవీడీని నిన్న పోలీసులు పట్టుకుపోయారు. ఈమెను వాళ్లే పంపారేమోనని అతని అనుమానం.

"నున్నగైతది, గంతే. డీవీడీల లేని మొఖాన్ని మిషిన్ యాడికెల్లి తెస్తది?" అంటూ తన దగ్గర మిగిలిన ఇంకో కాపీ వేసి చూపించాడు. తెరమీద రాయి విసురుతున్న ఆకుపచ్చ చున్నీ పిల్ల ముఖం పిండిముద్దలా ఉంది.

ప్రేమలత ఊపిరి పీల్చుకుంది. అంతలోనే, "మరి నువ్వు తీసిన అసలు క్యాసెట్ల?" అంది.

లతీఫుద్దీన్ అనుమానం గట్టిపడింది. "అండ్ల సాఫ్‌గ ఉంటది. గదెందుకు నీకు?"

ఆమె లేచి, తెరమీది ఆ ముఖాన్ని అరచేత్తో కప్పేసింది.

"నా బిడ్డ, భాయ్. ఠాణాల గూడ గిసొంటి ప్లేయరే వెట్టి చూస్తున్నరట."

లతీఫుద్దీన్ బీరువాలోంచి క్యాసెట్ తీసి, మొదటికి తిప్పి, ఆమె చూస్తుండగానే కెమెరాలో పెట్టాడు.

"రేపు బుగ్గారంల పెండ్లున్నది. దీనిమీదనే తీస్త, పాతదంత పోతది."

"మొత్తం పోతదా?"

"గిది గంట క్యాసెట్. గా పంతులు మంత్రాలే రెండు గంటలు సదువుతడు. ఫికర్ జెయ్యకక్కా."