చేదు పండు

రిటైరైన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారు బజారులో నిలబడి, పేరు తెలియని ఊదారంగు పండును తొక్కతో సహా కొరికి, గంభీరంగా నమిలి, ఉమ్మేశారు.

“వట్టి చేదు. నువ్వు ముట్టుకోకు,” అన్నారు భార్యతో.

ముందు ఆయన రుచి చూడడం, ఆ తీర్పును ఆవిడ శిరసావహించడం ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ఇంటి పద్ధతి. విహారయాత్రకు వచ్చినా పద్ధతి పద్ధతే.

పండ్లమ్మే మనిషి ఆయన్ను ఎగాదిగా చూసింది. మరో పండు తీసుకుని, అరచేతుల మధ్య నొక్కి, మందపాటి తొక్కను రెండు చిప్పలుగా విప్పింది. లోపల తెల్లటి తొనలు.

“తినేది ఇదమ్మా. తొక్క మేకలు కూడా ముట్టవు.”

“వద్దన్నానా!” అన్నారాయన.

ఆవిడ ఒక తొన నోట్లో వేసుకుంది. తేనెలా కరిగింది. తను సంగీతం నేర్చుకుంటానంటే తలనొప్పి అన్నారు ఈయన. ఈత ప్రమాదమన్నారు. పొద్దున హోటల్లో, దీవికి వెళ్లే పడవ దండగ అన్నారు. వాటిలో ఏ ఒక్కదాన్నైనా ఈయన తొక్క దాటి చూశారా?

“చేదే కదా?” రుమాలుతో నాలుక తుడుచుకుంటూ అడిగారు.

అలవాటైన “అవునండీ” పెదవులదాకా వచ్చి ఆగిపోయింది.

“మీరు తొక్క తిన్నారండీ,” అని చెప్పి, ఆవిడ పండ్లమ్మే మనిషి వైపు తిరిగింది. “ఇంకో నాలుగు విప్పమ్మా. దీవికి పడవ ఎన్నింటికి?”

“పదకొండుకి. ఇద్దరూ వెళ్తారా?”

“నేను వెళ్తాను. ఆయన సంగతి ఆయన్నే అడుగు.”