ఇసుకలో కళ్ళు

పైడితల్లి కుళాయి దగ్గర్నుంచి తిరిగొచ్చేలోగా పని అయిపోవాలి. ఆదిశేషు టీ వడగట్టే జల్లెడను అద్దాల తొట్టిలో ముంచి, ఇసుక మీద పడున్న వానపాము ముక్కల్ని ఒక్కొక్కటే పైకి తీశాడు. కాగితంలో చుట్టి జేబులో దోపుకున్నాడు. నిన్న సాయంత్రం తన చేత్తో వేసినవే. ఒక్కటీ ముట్టలేదు.

“తిన్నాయేటండీ?” బిందె దించుతూ అడిగింది పైడితల్లి.

“శుభ్రంగా తిన్నాయి.”

ఆవిడ ముఖం విచ్చుకుంది. ఆ ముఖం కోసమే ఈ అబద్ధం.

ఆ చేపల్ని పైడితల్లి తమ్ముడు బలరాం భీమిలి దగ్గర ఉప్పుటేట్లో పట్టి, పాలక్యానులో పోసి, రైల్లో భిలాయి తీసుకొచ్చాడు. మొత్తం రెండే. వేలెడంత పొడవు, ఇసుక రంగు. పగలంతా ఇసుకలో కూరుకుపోయి కళ్ళు మాత్రం పైకి పెట్టుకుని ఉంటాయి. వాటిని చూడాలంటే ఓపిక ఉండాలి, కాస్త నమ్మకమూ ఉండాలి. వాటికి మంచినీళ్ళు పనికిరావు, సముద్రమంత ఉప్పూ పనికిరాదు. గళ్ళుప్పు కరిగించి, నాలిక్కి కన్నీళ్ళంత ఉప్పగా తగిలేలా కలపమన్నాడు బలరాం. ఎండు తిండి కన్నెత్తి చూడవు, పచ్చిది కావాలి. అందుకని ఆదిశేషు కుళాయి పక్క తడిమట్టి తవ్వి వానపాముల్ని పట్టేవాడు. ఉప్పుకి తొట్టి ఇనపచట్రం తుప్పు పడుతుంటే, రైలు మిల్లులో పట్టాలు చేసే మనిషి ఇంట్లో తుప్పేమిటని రోషపడి రంగు కూడా పూశాడు.

ఇంత తాపత్రయమూ చేపల మీద ప్రేమతో కాదు. తల్లి పోయిన దగ్గర్నుంచి పైడితల్లికి మాట పడిపోయినట్టయింది. సెక్టర్ 7 క్వార్టర్లో ఉండేది ఇద్దరే. అందులో ఒకరు మాట్లాడకపోతే రెండోవాడికి గోడలే దిక్కు. చేపలొచ్చాక ఆవిడకి మళ్ళీ నోరొచ్చింది. ‘మా ఏటి చేపలు’ అంటూ పక్కింటి ఛాయని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించేది.

అంతరిక్షం నుంచి కూలుతున్న స్కైలాబ్ ఎవరి నెత్తిన పడుతుందోనని సెక్టరంతా ఆకాశంకేసి చూస్తున్న రోజుల్లో, ఆదిశేషు తొట్టిలోకి చూస్తే ఒక చేప తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలుతోంది. అదృష్టవశాత్తూ పైడితల్లి బజారుకెళ్ళింది. గబగబా దాన్ని తీసి జామమొక్క మొదట్లో పాతేసి, మన్ను సర్ది, చేతులు కడుక్కుని పేపరు పట్టుకుని కూర్చున్నాడు. రెండోది ఉందిగా, అనుకున్నాడు. ఒకటున్నా రెండున్నా కనపడేవి కళ్ళే. ఆ కళ్ళని ఎవరు లెక్కపెడతారు? ఆవిడ కనిపెట్టలేదు కూడా. ఆడవాళ్ళని నమ్మించడం ఎంత తేలికో అని అతనికి కాస్త గర్వం కూడా కలిగింది.

చలికాలంలో అతనికి గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రిలో పడుకోబెట్టారు. మనసుకి కష్టం తగిలే మాటేదీ చెవిన పడనివ్వద్దని డాక్టరు పైడితల్లికి చెప్పడం అతను కళ్ళు మూసుకునే విన్నాడు. ఇంటికొచ్చాక, మెట్లెక్కి గుమ్మంలో అడుగు పెడుతూనే చేపలెలా ఉన్నాయని అడిగాడు. మీ మీద బెంగెట్టుకున్నాయి, ఇప్పుడు ఫరవాలేదు అందావిడ.

ఆ తరవాతే చిక్కొచ్చి పడింది. మధ్యాహ్నం పైడితల్లి వేసిన తిండి అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి నామరూపాల్లేకుండా పోయేది. సాయంత్రం అతను వేసింది తెల్లారేదాకా అలాగే పడుండేది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ దూరమయ్యానని చేప అలిగింది కాబోలు అనుకున్నాడు. పోనుపోను నిజంగానే ఈర్ష్య పుట్టింది. మట్టి తవ్వేది తను, ఉప్పు కలిపేది తను, తినడం మాత్రం ఆవిడ చేతి తిండి! ఒకరోజు ఉండబట్టలేక ఆ మాట పైకే అన్నాడు.

“అదేటండీ, మీరేస్తేనే కదా తింటాయి,” అంది పైడితల్లి.

తన మనసు నొప్పించకూడదని అలా అంటోందనుకుని ఆదిశేషు మురిసిపోయాడు.

ఛాయ అప్పుడప్పుడూ వచ్చి తొట్టి ముందు కూర్చునేది. భార్యాభర్తలిద్దరూ చెరోవైపు నుంచి అద్దం మీద వేలు పెట్టి అదిగో అక్కడ అని చూపిస్తుంటే, కళ్ళు చిట్లించి చూసి, “హా భయ్యా, దిఖ్ గయా” అంటూ కనపడినట్టే తలూపేది. మీ జంటలాగే వాటి జంటా చల్లగా ఉందని దీవించి వెళ్ళిపోయేది.

మెట్లెక్కకూడదని డాక్టరు రాసిస్తే సెక్టర్ 4లో కింది క్వార్టరు ఇచ్చారు. సామానంతా కట్టేశారు. మిగిలింది తొట్టి. నీళ్ళతోనూ ఇసుకతోనూ అది కదలదు. నీళ్ళు తోడి, ఇసుక ఎత్తి, చేపల్ని క్యానులోకి మార్చాలి. రెండుండాల్సిన చోట ఒకటే తేలుతుంది. ఆదిశేషు ముందుగానే ఒక కథ సిద్ధం చేసుకున్నాడు. రెండోది ఎగిరి బయటపడితే పిల్లి ఎత్తుకుపోయి ఉంటుంది. అంతే. చెప్పేటప్పుడు గొంతు తడబడకుండా చూసుకుంటే చాలు.

రబ్బరు గొట్టం నీళ్ళలో పెట్టబోతుంటే పైడితల్లి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

“ముందు కూకోండి. గుండె బాగానే ఉందా?”

“బాగానే ఉంది. ఏమైంది?”

“గాబరా పడకండి. ఇందులో ఒక్కటే దొరుకుతాది.”

ఆదిశేషు చేతిలోంచి గొట్టం జారిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడకి తెలుసన్నమాట. తన అబద్ధాలన్నీ ఏమీ ఎరగనట్టే భరించిందన్నమాట. సిగ్గుతో తల దించుకున్నాడు. పెళ్ళాం ముందు అంత చిన్నవాడైపోయిన రోజు అతనికి ఇంకొకటి గుర్తులేదు.

“నీకెలా తెలుసే?” అన్నాడు మెల్లగా.

“తెలకేటండీ, మీరాస్పత్రిలో ఉండగా ఒకటి చచ్చిపోతే నేనే కదా పాతేసేను.”