ఎటునుంచి ఎటు

మా ఆయనకు స్పృహ లేని ఆర్నెల్లూ ఇంట్లో కంపెనీ పంపిన ఆయన నకలు మరమనిషే నాకు మొగుడు, అత్తయ్యకు కొడుకు. మొన్న అత్తయ్య పోతే గుండు చేయించుకుని తలకొరివి పెట్టింది కూడా అదే.

నిన్న ఆయన ఇంటికొచ్చారు. చావు కబురు మేమెవరమూ చెప్పలేదు. నకలు జ్ఞాపకాలు ఆయనకు ఎక్కిస్తే తెలిసిపోతుందిగా, ఇప్పుడందరిళ్లలో అంతే.

ఇవాళ కంపెనీ మనిషి వచ్చి ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ బటన్ నొక్కాడు.

"సారీ మేడమ్. నకలుది సార్‌కి ఎక్కాల్సింది, సార్‌ది నకలుకి ఎక్కేసింది. ఈ ఆర్నెల్లూ చెరిగిపోయాయి."

"ఇంకో కాపీ ఉంటుందిగా?"

"మీది చిన్న ప్లానండీ."

అతను వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు. నకలు వింతగా తన బోడిగుండు తడుముకుంది. ఆయన అటే చూశారు. తర్వాత ఇద్దరూ నావైపు తిరిగి ఒకేసారి అడిగారు.

"అమ్మ ఏదే?"