ఫారంలో నాలుగో ప్రశ్న

"నాన్నా, చెయ్యి వదులు. పరిగెత్తాల్సింది నేను, నువ్వు కాదు!"

వర్షిణి నవ్వుతూ చెయ్యి లాక్కుంది. తన అరచెయ్యి చెమటతో తడిసిపోయిందని మహిధర్‌కు అప్పుడు తెలిసింది. న్యూజిలాండ్‌లోని పాపకూర ఊరి గ్రౌండ్ మీద సన్నగా జల్లు పడుతోంది. మిగతా తల్లిదండ్రులంతా కాఫీ కప్పులు పట్టుకుని చలికి ముడుచుకుపోతుంటే, ఈయనొక్కడికే చెమటలు.

వర్షిణికి పదిహేడేళ్ళు, రగ్బీ అంటే ప్రాణం. వచ్చే గురువారం ప్రొఫెషనల్ క్లబ్బులు కాలేజీ అమ్మాయిల్లోంచి తమకు కావలసినవాళ్ళను ఎంచుకుంటాయి. ఎవరి సత్తా ఎంతో తేల్చే పరీక్షలు ఈ రోజే. పొద్దున నలభై మీటర్ల పరుగులో వర్షిణే ఫస్టు. నిలువుగా ఎగరడంలో మూడోది. ఇక మిగిలింది బీప్ టెస్ట్, దానికి ముందు టెంట్‌లో డాక్టర్ దగ్గర ఫారం నింపాలి. బీప్ మోగేలోపు ఈ గీత నుంచి ఆ గీతకు చేరాలి. పోనుపోను బీపులు దగ్గర పడుతుంటాయి. ఇక నా వల్ల కాదని ఆగిపోయేదాకా పరిగెత్తుతూనే ఉండాలి.

"పదకొండో లెవెల్ దాటితే చాలు నాన్నా. వెల్లింగ్టన్ క్లబ్ వాళ్ళు నా పేరు ఆల్రెడీ రాసుకున్నరు."

"దాటకపోయినా ఏం కాదు బిడ్డా. ఆయాసమొస్తే ఆగిపో."

"అందరి డాడ్స్ పరిగెత్తు అంటరు. నువ్వొక్కనివే ఆగిపో అంటవ్. టెన్షన్ పడకు, సెలెక్ట్ అయిత!"

మహిధర్ తిక్క మనిషని ఇంట్లో ఎప్పుడో ముద్ర పడిపోయింది. పోయినేడు కూతురు స్కూటర్ కావాలనగానే మారుమాట లేకుండా కొనిచ్చాడు. భార్య శరణ్య లబలబలాడింది. "మీ తమ్ముడు బండి మీదికెళ్ళి పడే గద పోయిండు? మళ్ళ పిల్లకు బండి కొంటవా? బుద్ధుందా నీకు?" ఆయన వింటేనా! ఇవాళ కూడా కూతురు వానలో స్కూటర్ మీద దూసుకొస్తుంటే, వెనకాల కారులో నిమ్మళంగా పాటలు వింటూ వచ్చాడు. అదే పిల్ల గ్రౌండ్‌లోకి దిగిందా, బెంచీ అంచున బిగుసుకు కూర్చుంటాడు. జలుబుకని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళినా, "ఛాతీ కూడా ఒకసారి చూడండి" అంటాడు.

జేబులో ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి చెల్లెలు ఆశాజ్యోతి.

"అన్నా, మా బిడ్డ నిరుపమకు సంబంధం కుదిరేటట్టుంది. ఇగ ఒకటే ఆరాలు! ఎవరికన్న షుగరుందా, బీపీ ఉందా, మీ అమ్మగారింట్ల ఎట్లుంటరు అని. నా పెళ్ళప్పుడు మా అత్త అడిగినట్టే."

"ఏం చెప్పినవ్?"

"ఏం చెప్తా? మా దిక్కు అందరు గట్టోళ్ళే అన్న. నీకు ఫోన్ చేస్తరేమో, నువ్వు గూడ గట్లనే చెప్పు. మన సృజన్ సంగతి అడిగితే, నా పెళ్ళప్పుడు చెప్పిందే చెప్పు."

"సరే తల్లీ," అని ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే డాక్టర్ టెంట్‌లోంచి ఒక అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తూ బయటికొచ్చింది. తల్లి ఆ పిల్ల భుజం పట్టుకుని కార్ల వైపు నడిపించుకుపోయింది.

"ఏమైంది ఆ పిల్లకు?"

"పరిగెత్తనియ్యరంట. ఫారంలో దేనికో ఎస్ అని పెట్టింది. పాపం, మా అందరికన్నా మంచి ప్లేయర్. పద నాన్నా, నెక్స్ట్ మనమే."

మహిధర్ ఇంకా ఆ కార్ల వైపే చూస్తున్నాడు. కూతురే లాక్కుపోయింది.

టెంట్‌లో డాక్టర్ మెరె నవ్వుముఖం పెద్దావిడ. "పద్దెనిమిది నిండలేదు కాబట్టి మీ సంతకం కూడా కావాలి," అంటూ ప్రశ్నలు గబగబా చదివింది. ఆస్తమా? లేదు. పరిగెత్తుతుంటే ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా? లేదు. ఆపరేషన్లు? లేదు.

"నాలుగోది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా ముప్పై ఐదేళ్ళలోపు హఠాత్తుగా చనిపోయారా?"

మహిధర్ గొంతు సవరించుకున్నాడు. ఈలోగా వర్షిణే అందుకుంది.

"మా సృజన్ బాబాయి. ఇరవై రెండేళ్ళకే. యూనివర్సిటీ రన్నర్. నాది అచ్చం ఆయన పోలికేనట."

డాక్టర్ పెన్ను ఆగింది. "ఎలా పోయాడు?"

"బైక్ యాక్సిడెంట్. వరంగల్‌లో."

"అయ్యో! సరే, ప్రమాదాలు ఇందులోకి రావు. మా భయమంతా గుండె గురించే. ఆ అనుమానం ఏమాత్రం ఉన్నా స్పెషలిస్టు చూసేదాకా ఇక ఒక్క అడుగు కూడా పరిగెత్తనివ్వం. దానికేమో నెలలు పడుతుంది. ఇందాకటి పిల్లకు ఈ ఏడాది ఇక లేనట్టే." ఆవిడ మహిధర్ వైపు తిరిగింది. "యాక్సిడెంటే కదా?"

వర్షిణి తండ్రి ముఖంలోకి చూసింది. ఆరేళ్ళుగా గడ్డకట్టే చలిలో, చీకటితో లేచి ప్రాక్టీసుకు పోయిన పిల్ల. ఆ కళ్ళలోకి చూస్తూ ఏ తండ్రైనా ఏం చెప్పగలడు?

"అవును. యాక్సిడెంటే."

సంతకం పెట్టాడు. తన సంతకం తనకే కొత్తగా కనిపించింది.

"థాంక్యూ నాన్నా!" వర్షిణి ఒక్క ఉదుటున వెళ్ళి గీత మీద నిలబడింది. ఎడమ కాలు ముందుకు పెట్టి, తల వంచి, పెదవి కొరుక్కుంటూ. సృజన్ కూడా అచ్చం ఇలాగే నిలబడేవాడు. సృజన్ ఆఖరి పరుగప్పుడు అవతలి గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని ఎదురుచూసింది మహిధరే.

మొదటి బీప్ మోగింది. వర్షిణి పరుగందుకుంది. మహిధర్ బెంచీ అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

చనిపోయిన రోజు సృజన్ అసలు బండే ఎక్కలేదు.